సముద్రపు పురుగుకు స్నానం

మంగళవారం, రాత్రి

నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులూ ఎక్కువే. మన్నించాలి.

మనవరాలు రజిత కాలేజీ ప్రయోగం కోసం సముద్రపు రేవు నుంచి సీసాలో నల్ల బురద, అందులో ఒక పురుగు తెచ్చింది. పొద్దున ఊరికి పోతూ, "తాతా, అది మురికిలనే మంచిగుంటది, ముట్టకు" అంది.

మా ఆవిడ ముక్కు మూసుకుంది. "ఏం కంపయ్యా! జర కడుగరాదు?"

ఎదురు చెప్పలేక బురద బకెట్‌లో పోసి, పురుగును నల్లా నీళ్లలో వేశాను. పాపం, హాయిగా ఉంటుందనుకున్నాను. అది దారప్పోగులా వాలిపోయింది.

గాభరాగా ఆ బురదలో ఉప్పునీళ్లు కలిపి, పురుగును మళ్లీ అందులోనే వేశాను.

మా ఆవిడ ఒకటే నవ్వు. "స్నానమంటే వణికేది ఈ ఇంట్ల నువ్వొక్కనివే అనుకున్న!"

రేపు రజిత వస్తుంది. ఏం చెప్పను?

పురుగమ్మా, చదువు రానిదానివి, బతికున్నానని రాయనక్కర్లేదు. తోక ఆడించు చాలు. జల్ది.