అయిదో బకెట్

రేణిగుంట, జూన్ 3

గంగాధరం గారికి మహిత నమస్కారాలు.

మీ బొగ్గు గనిలో మిషన్ల పనితీరు కొలిచి రిపోర్టు ఇచ్చే ఆఫీసు మాది. గనిలో సిగ్నల్ లేదని ఉత్తరం రాస్తున్నాను. బొగ్గు తోడే మిగతా షావెల్ మిషన్లు గంటకు పన్నెండు డంపర్ లారీలు నింపుతుంటే, మీరు నడిపే ఏడో నంబరు పదే నింపుతోంది. వాళ్లు డంపర్‌కు నాలుగు బకెట్ల బొగ్గు పోస్తే మీరు అయిదు పోస్తున్నారు. మిషన్‌లో బలం తగ్గినట్టుంది. కారణం రాయకపోతే దాన్ని తుక్కుకు, మిమ్మల్ని గేటు డ్యూటీకి పంపమని రాయాల్సి వస్తుంది.

జవాబు కోసం చూసే,
మహిత


గని క్యాంపు, జూన్ 9

అమ్మా మహితా, గంగాధరం దీవెనలు.

రేణిగుంట అని చూసి ఉత్తరాన్ని కళ్లకద్దుకున్నాను తల్లీ. మాది పక్కనే వడమాలపేట. ఇరవై రెండేళ్లలో నా మిషన్ ఎట్లుండాదని అడిగినదానివి నువ్వొక్కదానివే. దానికేం జబ్బు లేదు. నాలుగు బకెట్లు లెక్క, అయిదోది కొసరు. మాయమ్మ పుత్తూరు సంతలో వంకాయలమ్మేది. కొసరెయ్యకుండా తక్కెడ దించిందే లేదు. నాకూ అదే చెయ్యి వచ్చింది.

నీ మేలు కోరే,
గంగాధరం

తా.క.: గేటు డ్యూటీ మాత్రం వద్దమ్మా. ఆడ కూర్చుని వచ్చేపోయే జీపులకు సలాం కొట్టడం నా చేతికి రాదు.


రేణిగుంట, జూన్ 15

గంగాధరం గారికి,

మీ ఉత్తరం చదివి మా సారు నీళ్లు తాగారు. కంపెనీ బొగ్గును కొసరు వేయడానికి మీరెవరని అడుగుతున్నారు. రోజుకు ఎన్ని కొసర్లు, ఎవరికి పోతున్నాయి, వాళ్ల ఇళ్లెక్కడ, వెంటనే రాయండి. లేకపోతే సెక్యూరిటీకి తెలపాలట.

భయపడుతూ,
మహిత

తా.క.: ఇది నా మొదటి రిపోర్టు. నన్ను కాస్త గట్టెక్కించండి.


గని క్యాంపు, జూన్ 21

అమ్మా మహితా,

ఎవరికి పోతాదమ్మా, అదే డంపర్‌లోకే. డ్రైవరు పేరు ఏబెల్. ఇల్లు తడ ఊళ్లో. సారు అడిగినాడని రాసినాను గానీ బొగ్గు ఆ ఇంటికి పోలేదు. నాలుగు బకెట్లకు డంపర్ వెలితిగా ఉంటాది. వెలితి బండిని పంపితే నాకు అన్నం సయించదు. కాటా చీట్లు పంపుతున్నాను, బరువు చూడు. మా సంగతి ఇంత శ్రద్ధగా విచారించిన సారుకు దణ్ణాలు.

గంగాధరం

తా.క.: సెక్యూరిటీవాళ్లు తడకు పోయేటట్టయితే ముందుగా చెప్పమంటోంది ఏబెల్ భార్య స్టెల్లా. చేపల పులుసు చేసి పెడతాదంట.


రేణిగుంట, జూలై 2

గంగాధరం గారికి వేల నమస్కారాలు.

కాటా చీట్లు చూశాక ఆఫీసులో లెక్క మళ్లీ మొదటి నుంచి వేశాం. డంపర్లనే లెక్కపెట్టాం, బరువు చూడలేదు. గంటకు వాళ్లది అయిదు వందల డెబ్బై ఆరు టన్నులు, మీది ఆరు వందలు. ఏడో నంబరు తుక్కుకు పోదు, మీరూ గేటుకు పోరు. తప్పుడు రిపోర్టు నా పేరుతో వెళ్లకుండా కాపాడారు. ఈ మేలు మరచిపోలేను.

మీకు రుణపడిన,
మహిత

తా.క.: ఇకమీదట అన్ని మిషన్లూ డంపర్‌కు అయిదు బకెట్లు పోయాలని గనివాళ్లు ఆర్డరు వేశారు.


గని క్యాంపు, జూలై 9

అమ్మా మహితా, నీ కడుపు చల్లగుండాల.

నన్నూ నా మిషన్‌నూ నిలబెట్టినావు. నీ ఉత్తరాన్ని దాని క్యాబిన్లోనే అంటించుకున్నాను.

గంగాధరం

తా.క.: ఆర్డరు ఈడికి వచ్చింది. అందరూ పోసేది ఇంక లెక్కే గదమ్మా, కొసరెట్లా అవుతాది? అందుకే నేను ఆరోది మొదలుపెట్టినాను.