అరబ్ అని రాసిన చెయ్యి

జులై 6, 2017

1977 జనాభా లెక్కల ముందురోజు, ఇరాక్‌లో మా ఊరు తెల్కెప్పె చర్చి గడప మీద చెయ్యి వేసి ఒరాహా నాకు మాటిచ్చాడు. జాతి అన్నచోట మా కల్దీయ క్రైస్తవులకు ప్రభుత్వం రెండే దారులు వదిలింది: అరబ్, లేదా కుర్దు. ఊళ్లో లెక్కలు రాసే గుమాస్తా వాడే. మీ ఇంటి గడి ఖాళీగా వదిలేస్తాను మాస్టారూ అన్నాడు. మర్నాడు నేను మోసుల్లో ఉండగా అరబ్ అని రాశాడు. నలభై ఏళ్లుగా మాటల్లేవు.

ఇప్పుడు వాడూ అమెరికాలో, మేముండే ఈ డెట్రాయిట్‌లోనే, మానవ హక్కుల పెద్దమనిషి. నిన్న మెడల్ ఇచ్చారు.

జులై 11

నా కొడుకు సల్వాన్‌ని వలస పోలీసులు పట్టుకెళ్లి నెలయింది. పందొమ్మిదో ఏట బార్లో కొట్టుకున్నందుకు అప్పుడే జైలుకు వెళ్లొచ్చాడు. పౌరసత్వం లేదు కాబట్టి ఇప్పుడు దానికే ఇరాక్ పంపేస్తారట. క్రైస్తవుణ్ణి అక్కడ బతకనివ్వరు అంటే, ప్రభుత్వ లాయరు మా పాత కాగితం తీశాడు. అరబ్ అని ఉందిగా, ఇక భయమెందుకు అన్నాడు. చదువుకున్న గాడిద.

ఆ మాట ఎందుకు రాశాడో రాసినవాడే కోర్టుకు వచ్చి చెప్పాలి అంది మా లాయరమ్మ. హక్కుల మీద నేను ఒక గదినిండా పుస్తకాలు చదివాను. అవేవీ ఆ గుమాస్తా సాక్ష్యానికి సాటిరావట.

జులై 12

వెళ్లను.

జులై 13, ఉదయం పది

సల్వాన్ ఫోన్ చేశాడు. అలిగింది నువ్వు, విమానం ఎక్కేది నేను, బాగుంది నాన్నా అన్నాడు.

సాయంత్రం నాలుగు

ఒరాహా క్లబ్బులో పేకాడుతున్నాడు. చుట్టూ భజనబృందం. ముక్కల మీంచి తలెత్తకుండానే, ఏం మాస్టారూ, ఇన్నాళ్లకి మా టీ తాగాలనిపించిందా అన్నాడు. నీ టీకి కాదు, సాక్ష్యానికి వచ్చాను అన్నాను. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. ఎన్నింటికి రావాలి అని అడిగాడు. గంటసేపు బతిమాలించుకుంటాడనుకున్నాను. ఆ తృప్తి కూడా మిగల్చలేదు వెధవ.

జులై 19

ఎందుకు రాశావని జడ్జి అడిగాడు. ఒరాహా నా వైపు చూసి తల దించుకున్నాడు. కోర్టులో ప్రమాణం చేశాను కాబట్టి చెబుతున్నాను అన్నాడు. ఆ రోజు పొద్దున్నే నా భార్య వార్ద పిండి చేతులతోనే వాడి దగ్గరికి వెళ్లిందట. అన్నయ్యా, ఖాళీగా వదిలితే ఈయన్ని పట్టుకుపోతారు, అరబ్ అని రాసెయ్, ఈయనకు మాత్రం చెప్పకు అందట. చెప్పనని వాడు ఆమెకు మాటిచ్చాడట.

వార్ద పోయి తొమ్మిదేళ్లయింది.

ఆ మాట భయంతో రాయించిందేనని ఒప్పుకుని జడ్జి విమానం ఆపించాడు.

జులై 21

సల్వాన్ ఇంట్లో ఉన్నాడు. సమాధి దగ్గరికి వెళ్లాను. వార్దని తిట్టడానికి నోరు రాలేదు. ఆమెకిచ్చిన మాట నిలబెట్టుకుని, నలభై ఏళ్లు నా అలక భరించి, చివరికి నన్నింత చిన్నవాణ్ణి చేసింది ఒకడే.

ఒరాహా.