నువ్వు ఆగిన చోట

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సమాధి దగ్గర ప్రార్థన అవగానే నేరుగా అమీర్‌పేట స్టూడియోకి వెళ్లాను. నువ్వు రాసి బాణీ కట్టిన పాటని, పేరున్న సింగర్ విని నేర్చుకోవడానికి ముందు నువ్వే పాడి ఇచ్చావు కదా. ఆ ట్రాక్ ఇవ్వమని అడిగాను.

"ట్రాక్ వాయిస్ ఎవరు దాస్తరన్నా? మిక్సింగ్ అయినంక తీసేసినం," అన్నాడు సౌండ్ ఇంజనీర్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. "ఫికర్ చెయ్యకు, మేడమ్ మస్తు పాడింది గదా."

ఒళ్లు మండిపోయింది. తలుపు ధడాలున వేసి వచ్చేశాను. ఆ రోజు నీ పక్కనే కీబోర్డ్ వాయించిన నాకు ఒక కాపీ అడగాలని తోచలేదు. అందుకు ఇంకా మండుతోంది.

రెండో చరణం మధ్యలో నీకు ఆయాసం వచ్చి ఆగావు, గుర్తుందా? నీ జబ్బు సంగతి ఆ సింగర్‌కేం తెలుసు! అదీ పాటలో భాగమే అనుకుని అచ్చం అలాగే ఆగింది. పాట విడుదలయ్యాక ఒక ఆదివారం మన పంజాగుట్ట చర్చిలో పాస్టర్ గారు మైకులో ఏమన్నారో తెలుసా? "ఆ గ్యాప్‌లోనే ఉందండీ పాటంతా! మేడమ్‌ గారిది ఎంత అనుభవం!"

అది అనుభవం కాదు, మా అక్క అవస్థ అని అరవాల్సింది. కీబోర్డ్ మీద తర్వాతి పాట ఎత్తుకున్నాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం నీ పాట పాడుతూ అక్కడికి రాగానే చర్చి మొత్తం ఆగుతుంది. అందరూ ఒక్కసారిగా గుండెల నిండా ఊపిరి తీసుకుంటారు. నీకు అందని ఊపిరి, అక్కా.