మూడో మెట్టు మీద ఎండ

22 ఆగస్టు 2011, సోమవారం

ఈ ఇంట్లో ఆలోచించే మనిషి బతకలేడు.

పొద్దున ఏడున్నరకి బయటికి వస్తే అమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. మూడో మెట్టు. నాచారం మొత్తానికి ఆ వేళ ఎండ పడేది ఆ ఒక్క మెట్టు మీదే అన్నట్టు కాళ్ళు చాపుకుని, చేతిలో చాయ్ గ్లాసుతో, కళ్ళు మూసుకుని. నిద్రపోవడం లేదు. ఊరికే కూర్చుంది. లోపల నాయిన ఉప్మా పేరుతో ఏదో మాడబెడుతున్నాడు. పైగా పాట.

ఆయన ఎవరు? టర్నర్ హన్మయ్య. మల్లాపూర్‌లో ఫ్యాక్టరీ లాకౌట్ చేస్తే గేటు ముందు ఎర్రజెండా పాతి, వానలో కూడా కదలని హన్మయ్య. నేను మీటింగుల్లో చెప్పుకునే నాయిన. ఇప్పుడు ఆవాలు చిటపటలాడితే చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నాడు.

దీనికంతటికీ కారణం అమ్మ. మాత్రల కంపెనీలో ప్యాకింగ్ చేసేది. వయసైపోయిందని పోయిన నెల వాళ్ళే మాన్పించారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, టిఫిన్ డబ్బా కడిగి బోర్లించి, నాయినతో అన్నమాట నా చెవుల్లో ఇంకా ఉంది.

"నీకు రిటైర్మెంట్ ఇచ్చిన్రు. నాకు ఇయ్యాల ఇచ్చిన్రు. పొయ్యి కాడ ఎవ్వరిస్తరు? నేనే తీస్కుంటున్న."

అంతే. మళ్ళీ పొయ్యి ముట్టలేదు. నాయిన కొట్లాడతాడనుకున్నాను. కాసేపు ఆలోచించి, చాయ్‌లో అల్లం ముందేయాల్నా వెనుకేయాల్నా అని అడిగాడు. అంత తొందరగా లొంగిపోయిన యూనియన్ లీడర్ని నేను చూడలేదు.

23 ఆగస్టు

బీరకాయ కూరలో ఉప్పనుకుని చక్కెర వేశాడు. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

4 సెప్టెంబర్, ఆదివారం

వేడి గిన్నె దించడానికి నాయిన పట్టుకున్న మసిగుడ్డ ఎర్రగా ఉంది. దగ్గరికి పోయి చూశాను. యూనియన్ జెండా. నాలుగు ముక్కలు చేసి అంచులు కుట్టుకున్నాడు. ఒక ముక్క మీద సగం కొడవలి.

ఒళ్ళు మండిపోయింది. దీని కోసం మనుషులు లాఠీలు తిన్నారని అరిచాను. ఆయన గిన్నె మీంచి తల ఎత్తలేదు. ఫ్యాక్టరీ పోయింది, యూనియన్ పోయింది, గుడ్డ మంచిగుంది అన్నాడు. దళసరి కాటన్ అట, చెయ్యి కాలదట.

"లాఠీ తిన్నది నేను బిడ్డా. నువ్వు పప్పు తిను."

తినలేదు. బయటికి పోయి మిర్చీబజ్జీ తిన్నాను. ఎసిడిటీ.

కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పాంఫ్లెట్లు మళ్ళీ తీసి చదివాను. సుఖం మనిషిని నిద్రపుచ్చుతుందని అన్నింట్లోనూ ఉంది. ఈ ఇంట్లో ఇద్దరు నిద్రపోయారు. మూడోవాణ్ణి నేను కాను.

13 సెప్టెంబర్, మంగళవారం

సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు బంద్, బొగ్గుబాయిలు బంద్. చౌరస్తాలో టెంటు వేశాం. మా ఏరియా యూత్ జేఏసీకి నేను పబ్లిసిటీ కన్వీనర్ని. మధ్యాహ్నానికి గొంతు పోయింది. చరిత్ర మా టెంటు ముందు నుంచే నడుస్తోంది.

చరిత్ర వెనకాలే ఒక షేర్ ఆటో. అందులో అమ్మ, పక్కింటి వెంకటనర్సమ్మ. రామంతాపూర్ చెరువు దగ్గర మక్క కంకులు తినడానికి పోతున్నారట. ఇద్దరికీ కలిపి నూట పదేళ్ళు దాటి ఉంటాయి. అమ్మ నన్ను చూసి చెయ్యి ఊపింది, అందరి ముందు. నేను జెండా వైపు తిరిగాను.

అదే రోజు, సాయంత్రం

నాకూ ఒక కంకి తెచ్చింది. ఉప్పూ నిమ్మకాయా రాసి, పొట్టులోనే చుట్టి. చల్లారిపోయింది. పారేద్దామని బయటికి తీసుకుపోయాను. తిన్నాను. ఆకలికి సిద్ధాంతం తెలియదు.

24 సెప్టెంబర్

టెంటులో మహిళల శ్రమ మీద అరగంట మాట్లాడాను. వంటింటి వెట్టి అన్నప్పుడు చప్పట్లు. ఇంటికొస్తే అన్నం మెత్తగా అయిందని నాయినతో గొడవ పడ్డాను.

29 సెప్టెంబర్, గురువారం

కమిటీ మీటింగ్. తొమ్మిదో తారీఖు ఆదివారం చౌరస్తాలో వంటా వార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, ట్రాఫిక్ ఆపాలి. మూడొందల మందికి. వండేదెవరని కన్వీనర్ మహిపాలన్న అడిగాడు. అందరూ చెప్పుల వైపు చూసుకున్నారు.

మా అమ్మ అన్నాను. ఆమె బగారన్నం సంగతి బస్తీకంతా తెలుసు, ఒకప్పుడు పెళ్ళిళ్ళకు కూడా పిలిచేవాళ్ళు, ఆడవాళ్ళందరినీ ఆమే కూడగడుతుంది అన్నాను. మహిపాలన్న నా వీపు చరిచాడు.

కరపత్రం నేనే రాశాను. "వీరనారి సత్తమ్మ ఆధ్వర్యంలో మహిళల వంట." వెయ్యి కాపీలు. ఆ మెట్టు మీంచి ఆమెను లేపడానికి ఇంతకంటే గొప్ప కారణం దొరకదు.

4 అక్టోబర్, సద్దుల బతుకమ్మ

అమ్మ కరపత్రం చదివింది. మూడో మెట్టు మీద, వేలు పెట్టి, అక్షరం అక్షరం. అంతసేపూ నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. మురిసిపోతుందనుకున్నాను.

"నన్నడిగినవా?" అంది.

తెలంగాణ కోసం అన్నాను. తెలంగాణ నీకొక్కనికే కావాల్నా, అరవై తొమ్మిదిల లంగవోణి మీద జులూస్‌ల ఉరికిన నేను, అంది. మరైతే ఒక్క రోజు వండటానికేం అన్నాను. ఒక్కరోజే అని ముట్టిస్తే ఆరదు ఆ పొయ్యి, అంది. కరపత్రాన్ని మడిచి గ్లాసు కింద పెట్టింది. గుండ్రటి చాయ్ మరక సరిగ్గా వీరనారి మీద పడింది.

సాయంత్రం ప్రసాదానికి నాయిన చేసిన సద్దులు పట్టుకుని బతుకమ్మ ఆటకు పోయింది. నువ్వుల సద్ది రాయిలా ఉంది. ఎవరు చేశారని అడిగిన ప్రతి ఒక్కరికీ మా ఆయనే అని చెప్పుకుందట. వెంకటనర్సమ్మ వచ్చి మరీ చెప్పింది. నాకు తలెత్తుకోవాలనిపించలేదు.

7 అక్టోబర్

మహిపాలన్న పది మంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. పేరు అచ్చయిపోయింది, నువ్వు రాకుంటే మా ఇజ్జత్ పోతదక్కా అన్నాడు. ఒకామె అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. అమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను.

సరే, వస్త అంది.

గెలిచాను.

8 అక్టోబర్

మెట్టు మీద ఎండ ఉంది. అమ్మ లేదు. అటక మీంచి పెద్ద గంటె దించి బూడిదతో తోముతోంది. నాయిన పాడలేదు. ఉప్మా బాగానే కుదిరింది. సగం వదిలేశాను.

9 అక్టోబర్, ఆదివారం

చేతులు ఉల్లిగడ్డ కంపు. సబ్బుతో కడిగాను. పోలేదు.

పదింటికే చౌరస్తా నిండిపోయింది. పొయ్యిలు, వంట గంజులు, బియ్యం బస్తాలు. అమ్మ వచ్చింది. పెళ్ళిళ్ళకు కట్టే కనకాంబరం రంగు చీర, చేతిలో గంటె. మహిపాలన్న మైకులో వీరనారి అని అరిచాడు. అమ్మ నేరుగా నా దగ్గరికి వచ్చి, గంటె నా చేతిలో పెట్టి, పోయి డివైడర్ పక్కన కూర్చుంది. కాళ్ళు చాపుకుని, అచ్చం మా మెట్టు మీద కూర్చున్నట్టే.

పక్కన వంగి, పొయ్యి వెలిగించే టైమైంది, లే అన్నాను. నేను గొంతు తగ్గించాను. ఆమె తగ్గించలేదు.

"సకల జనుల సమ్మె అంటివి గద నరేందరూ. సార్లు బంద్ జేసిన్రు, డ్రైవర్లు బంద్ జేసిన్రు. పొయ్యి కాడోళ్ళు జనంల రారా?"

ముందు వెంకటనర్సమ్మ నవ్వింది. తర్వాత వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. కొంగు నడుముకు బిగించుకున్న ఇంకొకామె కొంగు వదిలేసి కూర్చుంది. ఆమె వెనక ఇంకొకరు. కాసేపటికి రోడ్డు మీద ఆడవాళ్ళంతా కూర్చునే ఉన్నారు, జై తెలంగాణ అంటున్నారు, చప్పట్లు కొడుతున్నారు. నిలబడింది మేమే, బియ్యం బస్తాల చుట్టూ. మీ అమ్మకు జర సమ్జాయించు అని మహిపాలన్న పళ్ళ మధ్యలోంచి అన్నాడు. ఆమె అన్నది నా ఉపన్యాసమే. నేను అరగంట తీసుకున్నాను, ఆమె అర నిమిషంలో ముగించింది.

అప్పుడు నాయిన వచ్చాడు. భుజం మీద ఆ ఎర్ర మసిగుడ్డ. నా చేతిలోంచి గంటె లాక్కుని, ఉల్లిగడ్డలు ఎవరు కోస్తరని అడిగాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గరి గొంతు. ఎన్నేళ్ళయిందో విని. ఎవరూ కదల్లేదు. గంటెతో నన్ను చూపించాడు.

కూర్చుని కోశాను. మహిపాలన్న కూడా కోశాడు, ఒక కన్ను మూసుకుని. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్ మా వెనక నిలబడి ముక్కలు లావుగున్నయన్నాడు. పన్నెండింటికి కావాల్సిన అన్నం మూడు దాటాక అయింది. అడుగు మాడు, పైన పలుకు. అయినా మూడొందల మంది తిన్నారు. ట్రాఫిక్ అనుకున్నదానికంటే చాలాసేపు ఆగింది. వంటా వార్పు బ్రహ్మాండంగా జరిగిందని రేపు ప్రెస్‌నోట్ నేనే రాయాలి. సిగ్గుచేటు.

అమ్మకు నేనే వడ్డించాను. ఒక ముద్ద పెట్టుకుని, పలుకు కొరికి, నవ్వడం మొదలుపెట్టింది. పొలమారినా ఆపలేదు. కళ్ళ నిండా నీళ్ళు. ఆమె అలా నవ్వడం ఇంతకుముందు ఎప్పుడు చూశానా అని ఇంటికొచ్చే దారంతా వెతుక్కున్నాను. చిన్నప్పటి నుంచి గుర్తున్నవన్నీ వెతికితే పొయ్యి ముందు వంగిన ఆమె వీపే కనబడుతోంది.

అసహ్యంగా ఉంది. ఎవరి మీదో రాయను.

14 అక్టోబర్, శుక్రవారం

కరెంటు కోత. బొగ్గు రావడం లేదు. బస్తీ అంతా చీకటి, ఉప్పల్ స్టేడియం ఒక్కటే పెళ్ళిపందిరిలా వెలుగుతోంది. క్రికెట్ మ్యాచ్. సమ్మె నడుస్తుంటే ఆట. థూ.

అమ్మా నాయినా డాబా మీద చాప వేసుకుని ఆ వెలుతురు చూస్తున్నారు. హోరు వచ్చినప్పుడల్లా ఎవడో కొట్టిండు అంటుంది అమ్మ. కాదు, ఎవడో ఔటైండు అంటాడు నాయిన. ఇద్దరికీ ఆట తెలియదు. పందెం కూడా కాస్తున్నారు, ఓడినవాళ్ళు పొద్దున గిన్నెలు తోమాలని. ఎవరిది రైటో చెప్పమని నన్ను పిలిచారు. చెప్పేసి కిందికి దిగుదామని ఎక్కాను. మ్యాచ్ అయ్యాక దిగాను.

17 అక్టోబర్, పొద్దున

నాయినకు జ్వరం. చాయ్ నేను పెట్టాను. అల్లం ఎక్కువైంది, చక్కెర మరిచిపోయాను. అమ్మ మొత్తం తాగి, గ్లాసు పక్కన పెట్టి, మూడో మెట్టు మీద కొంచెం జరిగింది.

కూర్చున్నాను.

ఛీ. వెచ్చగా ఉంది.