అతనికి చావు రాయొద్దు

వరికుంటపాడు

జయపాల్ బావకు వందనాలు.

నువ్వు రాస్తున్న డిటెక్టివ్ నవల నూరేళ్ళ తర్వాత జరుగుతుందనీ, అందులో చావును ఆపే మందు ఉంటుందనీ విన్నాను. హంతకుడికి మా ఊళ్ళో ప్రార్థనలు చేసే సుందరపాల్ పేరు పెట్టు.

ఉదయగిరి కొండవేరు కషాయం మీద ప్రార్థన చేసి, "ఇది తాగినావంటే నీకింక చావే లేదమ్మా" అని మా అమ్మ చేత షుగరు మాత్రలు మాన్పించింది అతనే. నెల తిరక్కుండా అమ్మ పోయింది. జ్ఞాపకార్థ కూడికలో అతను లేచి, నాయన ముందరే "లిదియమ్మకు విశ్వాసం చాల్లేదు" అన్నాడు. ఆ పూట అతనికి భోజనం వడ్డించింది నేనే.

నీ నవలలో అతన్ని ఉరి తీయించొద్దు. ఆ మందు తాగించి జైల్లో పెట్టు. అయినవాళ్ళంతా పోయాక, చావు పంపమని అతను మోకాళ్ళ మీద ప్రార్థించాలి. అప్పుడు నీ డిటెక్టివ్ తలుపు దగ్గరికొచ్చి, "నీకు విశ్వాసం చాల్లేదు" అనాలి.

నీ మరదలు