నేను చదవని సగం

మంగళవారం

ఈ రోజు షంషాద్‌ను నాలుగు మాటలు అనాలనే వెళ్లాను. నేను పాఠాలు చెప్పే బడి పిల్లల అమ్మల వాట్సాప్ గ్రూపులో ఆ నవలను తప్పక చదవండని రాసింది నేనే, నా పుస్తకం మొదట తీసుకుంది తను. రెండు నెలలైంది. ఆత్మకూరు బస్సులో చదువుకుంటానని అదే గ్రూపులోని పద్మ మూడుసార్లు అడిగింది.

వెళ్లేసరికి వసారాలో షంషాద్, వాళ్ల అత్త, మరో ఇద్దరు చెక్క గరిటెలను ఉప్పు కాగితంతో రుద్దుతున్నారు. షంషాద్ కూతురు నా నవల పైకి చదువుతోంది. పేజీల నిండా చెక్కపొట్టు.

"చేతులు ఖాళీ ఉండవు గదక్కా, అందుకని పాప చేత రోజుకు రెండు పేజీలు చదివిస్తాండా. మొన్ననే అయిపోయినాది. మళ్లీ మొదట్నించీ కావాలంట వీళ్లకు," అంది షంషాద్. ఇంకో గరిటె అందుకుని, "చివర్లో ఆ తల్లి చేసింది సబబేనా అక్కా? మా అత్తకీ నాకూ రెండు రోజులుగా ఇదే కొట్లాట. నువ్వు చెప్పు, చదవమనింది నువ్వే గదా," అంది.

అందరూ చేతులు ఆపి నా వైపు చూశారు.

"సబబే," అన్నాను.

"చూసినావా, టీచరమ్మది కూడా నా మాటే," అంది అత్త. షంషాద్ తల దించుకుని గరిటె రుద్దసాగింది.

నేను ఆ నవల సగమే చదివాను. పిల్లాడికి జ్వరం వచ్చినప్పుడు పక్కన పెట్టాను, మళ్లీ తెరవలేదు. పుస్తకం అడగకుండానే వచ్చేశాను. ఆ ఇంట్లో నేను దేన్ని సబబన్నానో తెలియాలంటే, ఇప్పుడు పద్మ తర్వాత నా వంతు రావాలి.