రెండద్దాల మధ్య చెమ్మ

అక్కా, నడుము నొప్పి తప్ప నేను బాగానే ఉన్నాను. ఈ ఆదివారం వస్తానన్నాను గానీ రాలేను, కోప్పడకు.

మొన్న మా మేస్త్రీ, నేను రిటైరైన ఒక టీచరమ్మ ఇంటికి కిటికీ చూడ్డానికి వెళ్ళాం. రెండద్దాల కిటికీ, మధ్యలో ఆవిరి పట్టి తెల్లగా ఉంది. ఆవిడ లోపల తుడిచి, బయట తుడిపించి, చివరికి చూపే పోతోందనుకుని రెండుసార్లు కళ్ళజోడు మార్చిందట. అద్దం ఊడదీస్తే ఫ్రేము అడుగున నీళ్ళు నిలిచి ఉన్నాయి. నీళ్ళు పోయే కన్నాలు జిగురుతో మూసుకుపోయాయి. ఆ తడికి అద్దాల అంచున సీలు పాడై చెమ్మ లోపలికి చేరింది. ఆరేళ్ళ కింద ఆ జిగురు పూసింది నేనే. ఫ్రేము మీద పెన్సిలు కొలతలు నా చేతిరాతే.

"గ్యారంటీ అయిపోయిందని చెప్పేసి పద" అన్నాడు మేస్త్రీ నా చెవిలో. నేను ఆవిడ వైపు తిరిగాను. "తప్పు నాదేనమ్మా" అన్నాను. ఆవిడ కుర్చీలో కూలబడి, "అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట" అంది. తిట్టినా బాగుండేది. మేస్త్రీ అప్పట్నుంచి నాతో మాట్లాడటం మానేశాడు. ఆదివారం నా సెలవులోనే కొత్త అద్దం బిగించాలి.

బావ దగ్గు తగ్గిందా? వంటింటి తలుపు ఇంకా పట్టేస్తోందా? నేను వచ్చేదాకా ఎవరినీ చిత్రిక పట్టనివ్వకు. నా పాత స్వెటరు పంపు. పిల్లలకి ముద్దులు.

ఈ కార్డు నాన్నకి చదివి వినిపించు. నాకు పని నేర్పిన మనిషి, ముందు తిడతాడు, తిట్టనీ. తిట్టడం అయ్యాక ఏమంటాడో అది రాయి.

నీ తమ్ముడు